షెడ్డు కాడ ముచ్చట: ఒకే బండికి ‘ఒరిజినల్ పెయింటు’, ‘ఫుల్ రీస్టోర్డ్’ రెండూనా?

పాత కార్లు కొనే, అమ్మే పాఠకుల ప్రశ్నలకు నల్లగొండలో చాలాకాలం ఫియట్, అంబాసిడర్ బండ్ల షెడ్డు నడిపిన మెకానిక్ జవాబులు

ప్రశ్న: సార్, నేను మిర్యాలగూడలో గవర్నమెంటు హైస్కూల్లో లెక్కల టీచర్‌ని. వచ్చే ఏడాది రిటైరవుతాను. చిన్నప్పుడు మా ఊరి రైసుమిల్లు సేటు దగ్గర ఫియట్ ఉండేది, అప్పటి నుంచి ఆ కారు మీద మనసు. ఫోన్లో ఒక ప్రకటన చూశాను. ఉన్నదున్నట్టు రాస్తున్నాను: “1972 మోడల్ ప్రీమియర్ పద్మిని. వింటేజ్ కారు. సింగిల్ ఓనర్, డాక్టర్ గారు వాడిన బండి. ఏపీ 24 నంబరు. 38,000 కి.మీ. మాత్రమే తిరిగింది. ఫుల్ రీస్టోర్డ్, ఒరిజినల్ పెయింటు. ఫ్లోర్ గేర్, ఏసీ, కొత్త టైర్లు. ఇంజిన్ సీల్డ్, షోరూం కండిషన్. మైనర్ వర్క్ మాత్రమే ఉంది. పేపర్లు పక్కా. 3,75,000 ఫిక్స్‌డ్. టైంపాస్ వాళ్లు ఫోన్ చేయొద్దు.” ఫొటోలు ఐదు పెట్టాడు. బండి తళతళా మెరుస్తోంది. పోయి అడ్వాన్స్ ఇచ్చి రమ్మంటారా?
– ఒక ఉపాధ్యాయుడు, మిర్యాలగూడ

జవాబు: అడ్వాన్స్ జేబులోనే ఉండనివ్వండి సార్. మీరు లెక్కల సారు కాబట్టి మీకు పని సులువు. ఈ ప్రకటనలోని అంకెలను, మాటలను ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడండి. బండి దాకా పోకముందే చాలాచోట్ల లెక్క కుదరదు.

మొదలు పేరు, సంవత్సరం చూద్దాం. ముంబై కుర్లాలోని ప్రీమియర్ ఆటోమొబైల్స్ వాళ్లు ఈ ఆకారం బండిని ఫియట్ 1100 డి అనే పేరుతో 1964లో మొదలుపెట్టారు. పేరు తర్వాత మారింది. 1972 ప్రాంతంలో ప్రీమియర్ ప్రెసిడెంట్ అయింది, 1974 ప్రాంతంలో గానీ పద్మిని కాలేదు. కాబట్టి నిజంగా 1972 బండి అయితే దాని ఆర్‌సీలో ‘పద్మిని’ ఉండకూడదు. అంతమాత్రాన అమ్మేవాడిని దొంగ అనొద్దు. మన దగ్గర ఆ ఆకారంలో ఉన్న బండినల్లా పద్మిని అనే అంటారు, నేనూ అంటాను. కానీ ఆర్‌సీలో 1972 ఫియట్ అని ఉండి, కళ్ల ముందు 1990ల నాటి బండి నిలబడి ఉంటే మాత్రం అది వేరే కథ. కాగితాలు ఒక బండివి, బాడీ ఇంకో బండిది. అలాంటివి నేను చూశాను. పాత బండి తుప్పుకు పోతుంది, దాని కాగితాలను కొత్త బండికి తొడుగుతారు. అక్కడితో దాని వయసు పెరుగుతుంది, ధరా పెరుగుతుంది.

ఈ అనుమానానికి బలం ఇచ్చేది ‘ఫ్లోర్ గేర్’ అనే మాట. అమ్మేవాడు దాన్ని గొప్పగా రాశాడు, నాకు మాత్రం అక్కడే కాలు ఆగింది. 1972 ఫియట్‌కు గేరు స్టీరింగ్ పక్కనే ఉంటుంది, మనం హ్యాండ్ గేర్ అంటామే, అదే. కింది నుంచి వచ్చే గేరు కంపెనీ చివరి ఏళ్లలో తీసిన మోడళ్లకు వచ్చింది. అంటే గేరుబాక్సు అయినా మార్చారు, లేదా బండే 1972ది కాదు. రెండింటిలో ఏది నిజమైనా ‘ఒరిజినల్’ అనే మాట వాడకూడదు.

నంబరు సంగతి. ఏపీ 24 అనగానే మనకు నల్లగొండ అని సంతోషమే. కానీ జిల్లాకో అంకె ఇచ్చే ఆ పద్ధతి 1988 మోటారు వాహనాల చట్టం 1989 జులై 1న అమల్లోకి వచ్చాకే మొదలైంది. 1972లో మన దగ్గర రిజిస్టరైన కారుకు ఇంగ్లీషు ‘ఏ’తో మొదలయ్యే మూడు అక్షరాలు, వాటి తర్వాత అంకెలు ఉండేవి. కాబట్టి ఈ బండి 1989 తర్వాత వేరే రాష్ట్రం నుంచి వచ్చి ఇక్కడ నంబరు తీసుకుని ఉండాలి, లేదంటే ఇంకేదో కారణంతో నంబరు మారి ఉండాలి. మరి సింగిల్ ఓనర్ ఎట్లా? డాక్టరుగారు బొంబాయిలో కారు కొని, దాంతో సహా నల్లగొండకు వచ్చి స్థిరపడ్డారంటే కుదురుతుంది. ఆ ముక్క అమ్మేవాడే చెప్పాలి. ఇంకో సంగతి, 1972లో కారు కొనగలిగిన డాక్టరుగారికి ఇప్పుడు ఎనభై దాటి ఉంటాయి. ఆర్‌సీ ఇంకా ఆయన పేరు మీదే ఉంటే సంతకం పెట్టేది ఎవరు? ఈ ఒక్క ప్రశ్న ఫోన్లో అడిగి చూడండి, చాలా సంగతులు బయటికొస్తాయి.

38,000 కిలోమీటర్లు. యాభై ఏళ్లకు పంచితే ఏడాదికి 760, నెలకు 63. అంటే డాక్టరుగారు నెలకొక్కసారైనా నల్లగొండ నుంచి మిర్యాలగూడకు పోయి రాలేదన్నమాట. ఈ బండ్ల మీటర్లో కిలోమీటర్లకు ఐదు గళ్లే. లక్ష నిండగానే మళ్లీ సున్నా నుంచి మొదలు. అది 1,38,000 కావచ్చు, 2,38,000 కూడా కావచ్చు. మధ్యలో మీటరు కేబుల్ తెగి ఏళ్ల తరబడి తిరిగిన బండ్లకు లెక్కే లేదు. మీటరును వదిలేసి పెడల్స్ మీది రబ్బరు చూడండి. క్లచ్ పెడల్ రబ్బరు ఒక పక్కకు అరిగి ఇనుము కనబడుతోందంటే బండి బాగా తిరిగినట్టు. అంత పాత బండిలో రబ్బరు ఒక్కటే కొత్తగా ఉన్నా తిరిగినట్టే. డ్రైవరు తలుపును సగం తెరిచి పైకి ఎత్తి చూడండి. కిందికి జారి, ఎత్తితే ‘టక్’ మంటోందంటే ఆ కీలు ఎన్ని వేలసార్లు తిరిగిందో మీకే అర్థమవుతుంది.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ‘ఫుల్ రీస్టోర్డ్’, ‘ఒరిజినల్ పెయింటు’ రెండూ ఒకే బండికి ఎట్లా కుదురుతాయి సార్? రీస్టోర్ చేయాలంటే పెయింటు మొత్తం రేకు దాకా తీయాలి, తుప్పు పట్టిన చోట కొత్త రేకు వెల్డింగ్ చేయాలి, ఇంజిన్ దించాలి, వైరింగ్ మార్చాలి, అప్పుడు రంగు వేయాలి. నెలలు పట్టే పని. అంత పని చేయించినవాడు ఫోన్లో ఫొటోలు దాచుకోకుండా ఉండడు, అడగకముందే చూపిస్తాడు. రేకు బయటపడి ఉన్నప్పటి ఫొటో ఒక్కటి పంపమనండి. అది లేకపోతే ఆ బండికి జరిగింది టింకరింగ్, పుట్టీ, పైన రంగు. అంతే.

ఫియట్ గానీ అంబాసిడర్ గానీ లారీలా, జీపులా విడిగా ఫ్రేము మీద కూర్చునే బండ్లు కావు. బాడీ మొత్తం కలిసే బలం. అందుకే పుట్టీ ఇక్కడ అందానికి సంబంధించిన గొడవ కాదు. తలుపుల కింద, మనం రన్నింగ్ బోర్డు అంటామే, ఆ పెట్టె లోపలి నుంచి తుప్పు తిని, పైన పుట్టీ పూసి నున్నగా రంగు వేసి ఉంటే, బండి నిలబడింది పుట్టీ మీద. ఇంజిన్ పాడైతే బోరింగ్ చేయించుకోవచ్చు, పిస్టన్లు, రింగులు మార్చుకోవచ్చు. రన్నింగ్ బోర్డు, ఫ్లోరు పోయిన బండికి చేతిపని తెలిసిన టింకరు దొరకాలి, ఇప్పుడు వాళ్లు చాలా తక్కువమంది. నేనైతే ఇంజిన్ ఆగిపోయిన గట్టి బాడీ బండిని తీసుకుంటాను గానీ, గడగడా తిరిగే ఇంజిన్ ఉన్న తుప్పు బండిని ముట్టుకోను.

చూసే విధానం చెబుతాను. జేబులో ఒక చిన్న అయస్కాంతం, పలుచని గుడ్డ పెట్టుకొని పోండి. పెయింటు గీత పడకుండా అయస్కాంతానికి గుడ్డ చుట్టి తలుపు కింది అంచు, చక్రాల పైన వంపులు, హెడ్‌లైటు చుట్టూ ఆనించుకుంటూ పోండి. రేకు ఉన్నచోట పట్టుకుంటుంది, పుట్టీ మందంగా ఉన్నచోట జారి చేతిలో పడుతుంది. తర్వాత కాళ్ల కింద మ్యాట్లు ఎత్తండి. ముందు అద్దం రబ్బరు ఎండి పగిలిపోతే వాన నీళ్లు దిగి నేరుగా అక్కడ నిలుస్తాయి. బొటనవేలుతో గట్టిగా నొక్కండి. కరకరమంటే చాలు, ఇంకేం చూడక్కర్లేదు. డిక్కీలో స్టెప్నీ తీయించి దాని కింద చూడండి. చివరగా జాకీ పెట్టమనండి. జాకీ పెట్టే చోట రేకు లోపలికి వంగుతుందేమోనన్న భయం ఎవరికుంటుందో వాళ్లు “అవసరమా సార్, నాకు టైం లేదు” అంటారు. అండర్‌కోటింగ్ అని కింద నల్లగా కొత్త రంగు పూసి ఉంటే సంతోషపడొద్దు. ఏం దాచడానికి పూశారో అడగండి.

ఆ ఐదు ఫొటోలు కూడా మళ్లీ తీసి చూడండి. మీరు రాయలేదు గానీ నేను ఊహించగలను. ఐదూ ఒక పక్క నుంచి, కడిగిన వెంటనే, సాయంత్రం ఎండలో తీసి ఉంటాయి. తడి బండికి, ఏటవాలు ఎండకు ఎంతటి సొట్టయినా మాయమైపోతుంది. రెండో పక్క, బానెట్ లోపల, డిక్కీ లోపల, డ్రైవరు కాళ్ల దగ్గర, మీటరు వెలిగి ఉన్నప్పుడు, ఈ ఫొటోలు పంపమని అడగండి. పంపకపోతే మీకు బస్సు చార్జీలు మిగిలినట్టే.

కొత్త టైర్ల సంగతి మీరే తేల్చుకోవచ్చు. టైరు పక్కన చిన్న గడిలో నాలుగు అంకెలు ఉంటాయి. 2314 అని ఉంటే 2014లో 23వ వారం తయారైందని అర్థం. నిలబడ్డ బండి టైరుకు గీతలు అరగవు కాబట్టి కొత్తగా కనిపిస్తుంది, పక్కన రబ్బరు మాత్రం సన్నగా పగులుతుంది. హైవే మీద పగిలేది అదే.

‘ఇంజిన్ సీల్డ్’ అంటే ఎప్పుడూ విప్పలేదని చెప్పడం. యాభై ఏళ్ల ఇంజిన్ను ఎవరూ విప్పలేదంటే అది గొప్ప కాదు, నిర్లక్ష్యం. పైగా ఫుల్ రీస్టోర్డ్ అన్నాడు కదా, ఇంజిన్ విప్పకుండా రీస్టోర్ ఏమిటి? మీరు పోతున్నట్టు ముందే చెప్పండి, కానీ బండి స్టార్ట్ చేసి ఉంచొద్దనండి. పోగానే బానెట్ మీద చేయి పెట్టండి. వెచ్చగా ఉందంటే చల్లటి ఇంజిన్ పెట్టే కష్టాన్ని మీకు కనబడకుండా ముందే తీర్చేశారన్నమాట. స్టార్ట్ చేసి యాక్సిలరేటర్ ఇచ్చి వదిలితే వెనక నీలిపొగ వస్తోందంటే ఆయిల్ కాలుతోంది. ఆయిల్ మూత తీస్తే లోపల మజ్జిగ రంగు జిగురు ఉంటే నీళ్లు ఆయిల్లో కలుస్తున్నాయి, నీళ్లు, ఆయిల్ కలవకుండా ఆపే హెడ్ గాస్కెట్ సంగతి చూడాలి.

ఏసీ గురించి ఒక మాట. ఆ ఇంజిన్ 1089 సీసీ, దాని బలం నలభై హార్స్‌పవర్‌కు అటూ ఇటూ. దానికి తర్వాత తగిలించిన ఏసీతో మే నెలలో నార్కట్‌పల్లి దాకా పోయి చూడండి, టెంపరేచర్ ముల్లు ఎటు పోతుందో! మన జిల్లా బండ్లకు ఇంకో రోగం ఉంది, దాన్ని హైదరాబాద్ మెకానిక్‌లు పట్టించుకోరు. మన బోరు నీళ్లు. ఫ్లోరైడ్ పేరుతో నల్లగొండ నీళ్ల గురించి దేశమంతా తెలుసు, కానీ రేడియేటర్‌కు శత్రువు ఆ నీళ్లలోని గట్టిదనం. ఏళ్లపాటు బోరు నీళ్లు పోసిన రేడియేటర్‌లో సన్నటి గొట్టాల నిండా ఉప్పు పేరుకుపోయి ఉంటుంది. ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు, అప్పుడు మాత్రమే, రేడియేటర్ మూత తీసి టార్చి వేసి చూడండి. గొట్టాల మూతుల దగ్గర తెల్లగా గాని తుప్పురంగులో గాని పెచ్చు కనబడితే, అవతలివాడు ‘మైనర్ వర్క్’ అన్నది దీన్నే కావచ్చు.

ఆ మైనర్ వర్క్ అనే మాటకు నా దగ్గర ఒకటే మందు. “మీరే చేయించండి, బిల్లు ఎంతయితే అంత నేను ధర మీద కలిపి ఇస్తాను” అనండి. నిజంగా చిన్న పనైతే ఒప్పుకుంటాడు.

పేపర్లు పక్కానా కాదా అన్నది మాట మీద తేలదు. సొంత కారు ఆర్‌సీకి మొదట పదిహేనేళ్లు, ఆ తర్వాత ఐదేళ్లకోసారి ఫిట్‌నెస్ చూపించి రెన్యువల్. గ్రీన్ ట్యాక్స్, ఇన్సూరెన్స్ వేరే. ఆర్‌సీలో రాసిన ఇంజిన్ నంబరు, చాసిస్ నంబరు బండి మీద కొట్టిన నంబర్లతో సరిపోవాలి. కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే అచ్చు పడుతుంది, ఆర్టీఓ ఆఫీసులోనూ అదే చేస్తారు. అచ్చులో ఒక అంకె మిగతావాటికంటే లోతుగానో వంకరగానో ఉందంటే అక్కడ ఎవరో గ్రైండర్ పెట్టారు. ఆ తర్వాత బేరం వద్దు, టీ కూడా వద్దు.

ఇంతా చూశాక అది 1990ల పద్మిని అని తేలి, బాడీ గట్టిగా, కాగితాలు దానివే అయితే, తీసుకోండి. చాలా మంచి బండి. కానీ 1990ల పద్మిని ధర ఇచ్చి తీసుకోండి.

ప్రశ్న: అన్నా, మా వనపర్తిలో వాట్సాప్‌లో ఒక ప్రకటన తిరుగుతోంది. “వనపర్తి సంస్థానం రాజావారు స్వయంగా వాడిన అంబాసిడర్. 1965 మోడల్. ఇంపోర్టెడ్ ఇంగ్లండ్ ఇంజిన్, డీజిల్, మైలేజీ 22. చరిత్ర ఉన్న బండి. ధర ఫోన్లో.” ఇది నిజమేనా? మా ఊరి రాజావారి బండి మా ఊళ్లోనే ఉండాలని నా కోరిక.
– ఒక పాఠకుడు, వనపర్తి

జవాబు: రాజావారి పేరు రాగానే ధర ఫోన్లోకి పోయింది, గమనించావా తమ్ముడూ?

1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది, ఆ తర్వాత సంస్థానాలు పోయాయి. మీ ప్యాలెస్‌లో పాలిటెక్నిక్ కాలేజీ నడవడం నీకు తెలిసిందే. అంబాసిడర్ పుట్టిందే 1957-58లో, పశ్చిమ బెంగాల్ ఉత్తరపారాలో, హిందుస్థాన్ మోటార్స్ ఫ్యాక్టరీలో. కాబట్టి సంస్థానం రోజుల్లో ఆ బండే లేదు. రాజవంశం వాళ్లు తర్వాత కారు కొని ఉండరని నేననడం లేదు, కొనే ఉంటారు. దానికి సాక్ష్యం ఆర్‌సీ బుక్కు మొదటి పేజీ. పాత రోజుల్లో అది నిజంగా బుక్కే, ఎవరి నుంచి ఎవరికి పోయిందో పేజీ పేజీకి ముద్రలు ఉండేవి. “పాత బుక్కు పోయింది, డూప్లికేట్ ఉంది” అంటే చరిత్ర కూడా దాంతోపాటే పోయిందనుకో. గోడ మీద రాజావారి ఫొటో, దాని ముందు బండి పెట్టి తీసిన ఫొటో సాక్ష్యం కాదు.

ఇంపోర్టెడ్ ఇంజిన్ అన్న మాట వట్టి కబురు. ఇంగ్లండులో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ అని ఒక కారు ఉండేది, దాని అచ్చు మీద తయారైందే మన అంబాసిడర్. 1489 సీసీ పెట్రోలు ఇంజిన్ డిజైను కూడా అక్కడిదే. డిజైను ఇంగ్లండుదైతే ఇంజిన్ ఓడెక్కి వచ్చినట్టు కాదు.

ఇక డీజిల్. కంపెనీ డీజిల్ అంబాసిడర్ వచ్చింది 1980 ప్రాంతంలో. 1965 బండిలో డీజిల్ ఉందంటే తర్వాత ఎవరో దించిందే. మన వైపు పెట్రోలు అంబాసిడర్లలో మాటడార్ వ్యాన్ డీజిల్ ఇంజిన్ దించడం ఒకప్పుడు ఇంటింటి ముచ్చట. అప్పుడు పెట్రోలు, డీజిల్ ధరల మధ్య తేడా అంత ఉండేది. ఇప్పుడు చూడాల్సింది ఆర్‌సీలో ఇంధనం కాలమ్‌లో ఏముందని. పెట్రోలు అని ఉండి లోపల డీజిల్ ఉంటే అనుమతి లేకుండా బండిని మార్చినట్టు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కిందికి వస్తుంది, ఫిట్‌నెస్‌కు పోయినప్పుడు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ నిలబెడతాడు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు వాళ్లకూ సాకు దొరికినట్టే.

మైలేజీ 22 గురించి నేనేం చెప్పను. పెట్రోలు అంబాసిడర్ ఊళ్లో పదికి అటూ ఇటూ ఇస్తే దండం పెట్టుకునేవాళ్లం.

ప్రశ్న: సార్, సూర్యాపేటలో ఈవెంట్లు చేస్తుంటాను. పెళ్లికొడుకు ఊరేగింపుకు పాత కారు కావాలని అందరూ అడుగుతున్నారు. “వింటేజ్ మారుతి 800, 1987, అరుదైన ఫస్ట్ మోడల్, వింటేజ్ నంబరు వస్తుంది” అని ఒక ప్రకటన ఉంది. కొని కిరాయికి తిప్పొచ్చా?
– సూర్యాపేట

జవాబు: మూడు మాటల్లో మూడూ తప్పే. మారుతి 800 మొదటిసారి రోడ్డెక్కింది 1983 డిసెంబరులో. 1986లో బాడీ మారింది, మనం వీధుల్లో ఇన్నేళ్లు చూసింది ఆ రెండో ఆకారమే. 1987 బండి ఫస్ట్ మోడల్ కాదు.

వింటేజ్ అనే మాటకు ఇప్పుడు ప్రభుత్వం లెక్క ఉంది. 2021 జులైలో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు దాటాలి, చాసిస్, బాడీ, ఇంజిన్లలో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. అప్పుడు ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. కొత్తగా రిజిస్ట్రేషన్‌కు 20,000, పదేళ్లు చెల్లుతుంది, తర్వాత మళ్లీ 5,000. నీ 1987 మారుతికి ఆ యోగం 2037లో.

అసలు చిక్కు ఇంకొకటి ఉంది. ఆ వింటేజ్ నంబరు వచ్చినా బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలు పోయించుకోవడానికి, రిపేరుకు తిప్పుకోవచ్చు గానీ రోజువారీ వాడకానికి వీల్లేదు, కిరాయి వ్యాపారానికి అసలు వీల్లేదు. మామూలు సొంత బండి నంబరుతో కిరాయికి తిప్పడం కూడా నేరమే. పెళ్లిళ్లకు పాత బండి కావాలంటే ముందు ఆర్టీఓ ఆఫీసులో ట్యాక్సీ పర్మిట్ సంగతి అడుగు, బండి సంగతి తర్వాత.

ప్రశ్న: కాంటెస్సా అమ్ముతానని ప్రకటన పెట్టినాయన తాను ఆర్మీలో ఉన్నానని, ట్రాన్స్‌ఫర్ వల్ల తక్కువకే ఇస్తున్నానని, 10,000 టోకెన్ పంపితే బండి లారీలో వస్తుందని అంటున్నాడు. ఐడీ కార్డు ఫొటో కూడా పంపాడు.
– కల్వకుర్తి

జవాబు: బండి లేదు, ఆర్మీ లేదు. ఒక్క రూపాయి పంపొద్దు. “నీకే డబ్బులు వస్తాయి, ఈ కోడ్ స్కాన్ చెయ్” అన్నా చేయొద్దు, స్కాన్ చేస్తే పైసలు పోతాయే గానీ రావు. ఇప్పటికే పంపి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఆలస్యమైన కొద్దీ చేతికి దొరకవు.

ప్రశ్న: అన్నా, మాది నల్లగొండ. మా నాన్న 2022లో పోయారు. ఆయన పద్మిని ఇంట్లోనే ఉంది. 1986 రిజిస్ట్రేషన్, నాన్న 1994లో వేరేవాళ్ల దగ్గర కొన్నారు. 2019 నుంచి షెడ్డులో నిలబడి ఉంది, స్టార్ట్ కాదు. డ్రైవరు వైపు ఫ్లోరులో చిల్లు కూడా ఉంది. పాత బండ్లు అమ్మిపెట్టే ఒక కన్సల్టెన్సీ అతను “ఎక్సలెంట్ కండిషన్, ఫస్ట్ ఓనర్, డైలీ యూజ్ అని రాద్దాం మేడం, లేకపోతే ఎవరూ రారు” అంటున్నాడు. నాకు అబద్ధం రాయడం ఇష్టం లేదు. నిజం రాస్తే నిజంగానే ఎవరూ రారా?
– ఒక పాఠకురాలు, నల్లగొండ

జవాబు: వస్తారమ్మా. అసలు కొనేవాళ్లే వస్తారు. పాత బండి పిచ్చి ఉన్నవాళ్లు ‘ఎక్సలెంట్’ అనే మాట చూసి ఫోన్ తీయరు, చిల్లు ఫొటో చూసి తీస్తారు. చిల్లు కనబడిందంటే ఎంత పని ఉందో వాళ్లు లెక్కేసుకోగలరు. పూసిన రంగు కింద ఏముందో లెక్కేసుకోలేరు. నేను ఇన్నేళ్లు చూసిన దాంట్లో మాసిన బండి త్వరగా సరైన ధరకు పోయింది, మెరిసే బండి చుట్టూనే పంచాయతీలు అయ్యాయి.

ఇట్లా రాయండి: “ప్రీమియర్ పద్మిని, 1986 రిజిస్ట్రేషన్, పెట్రోలు, హ్యాండ్ గేర్. మా నాన్న రెండో ఓనరు, 1994 నుంచి మా ఇంట్లోనే ఉంది. 2019 నుంచి నిలబడి ఉంది, స్టార్ట్ కాదు, ఇంజిన్ చేత్తో తిప్పితే తిరుగుతుంది. డ్రైవరు వైపు ఫ్లోరు తుప్పు, చిల్లు ఉంది, ఫొటో చూడండి. మీటరులో ఉన్న కిలోమీటర్లు నిజమో కాదో చెప్పలేం. ఆర్‌సీ రెన్యువల్ గడువు దాటింది. చూడాలంటే పగలు రండి.” ఇంజిన్ చేత్తో తిరుగుతోందో లేదో ముందు ఎవరైనా మెకానిక్‌తో చూపించి, ఏది నిజమైతే అది రాయండి. పట్టేసి ఉంటే పట్టేసిందనే రాయాలి. దాన్నిబట్టి ధర చాలా మారుతుంది. ఎవరైనా వచ్చి “ఒక్కసారి సెల్ఫ్ కొట్టి చూద్దాం” అంటే ఒప్పుకోవద్దు. ఇన్నేళ్లు నిలబడ్డ పెట్రోలు ట్యాంకులో జిగురైపోయి ఉంటుంది, పాత రబ్బరు పైపులు చిట్లి ఉంటాయి. పెట్రోలు కారితే నిప్పంటుకునే ప్రమాదం ఉంది.

కాగితాల పని మాత్రం మీరే ముందు చేసుకోవాలి. 1986 నుంచి పదిహేనేళ్లంటే 2001, ఆ తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్ అంటే చివరిది 2016లో అయి ఉంటుంది, 2021తో గడువు పోయింది. ఆర్‌సీ తీసి ఆ తేదీ చూడండి. నాన్నగారి పేరు మీద ఉన్న బండిని మీరు నేరుగా అమ్మలేరు. ఫారం 31తో, డెత్ సర్టిఫికెట్, వారసత్వం కాగితాలతో మీ పేరుకు గాని అమ్మగారి పేరుకు గాని మార్పించుకోవాలి. ఆ తర్వాత అమ్మేటప్పుడు ఫారం 29, 30. కన్సల్టెన్సీ అతను “ఖాళీ ఫారాల మీద సంతకం పెట్టివ్వండి మేడం, మిగతాది మేం చూసుకుంటాం” అంటాడు, తప్పకుండా అంటాడు. పెట్టొద్దు. ఆర్‌సీలో ఎవరి పేరుంటే వాళ్లే ఓనరని, ప్రమాదం జరిగితే నష్టపరిహారం బాధ్యత వాళ్లదేనని సుప్రీంకోర్టు 2018లో తేల్చి చెప్పింది. బండి మీ ఇంటి నుంచి పోయి నాలుగు చేతులు మారినా నోటీసు మీ ఇంటికే వస్తుంది.

రెన్యువల్ చేయించాకే అమ్మాలా, ఉన్నదున్నట్టు అమ్మాలా అన్నది ధరను బట్టి మీరే చూసుకోండి. స్టార్ట్ కాని బండిని ఫిట్‌నెస్‌కు తీసుకుపోవాలంటే రిపేరు ఖర్చంతా మీ మీద పడుతుంది. నన్నడిగితే కొనేవాడితోనే ఆ పని చేయించి, పేరు మారేదాకా కొంత డబ్బు మీ దగ్గర ఆపుకోవడం మేలు, ఆ ముక్క స్టాంపు కాగితం మీద రాసుకోండి.

కొనేవాళ్లు వచ్చే రోజు బండిని కడిగించొద్దు. దుమ్ము ఉంటే ఉండనివ్వండి. బానెట్ ఎత్తి, ఎలుకలు కొరికిన వైర్లు ఉంటే అవి కూడా మీరే చూపించండి. నాన్నగారు దాచిన పాత బిల్లులు, రిపేరు చీటీలు బీరువాలో ఎక్కడైనా ఉంటే వెతికి పెట్టుకోండి. బేరంలో కన్సల్టెన్సీ అతని మాటలకంటే అవే ఎక్కువ పనికొస్తాయి.